పాత ఫిడేలు రికార్డుల అసలు శ్రుతి, అసలు వేగం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి సమాధానాలు ముఖ్యంగా 1890ల నుంచి 1930ల చివరిదాకా వచ్చిన అమెరికా దక్షిణాది, ఐరిష్, స్కాటిష్ ఫిడేలు రికార్డుల గురించి. ఎక్ రాబర్ట్‌సన్ 1922లో న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీకి వాయించినవి, స్లైగో కౌంటీ నుంచి అమెరికా వెళ్లిన మైఖేల్ కోల్మన్ 1921 నుంచి ఇచ్చినవి ఈ కోవలోవే. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రికార్డుల సంగతి చివర్లో ఉంది, అక్కడ లెక్క వేరు.

రికార్డు మీద 78 అని ఉంది. ఇంక అనుమానం దేనికి?

78 (నిమిషానికి తిరిగే చుట్లు) తర్వాతెప్పుడో కుదిరిన అంకె. ప్లేటు గ్రామఫోన్ కనిపెట్టిన బెర్లినర్ తొలి ప్లేట్లను చేత్తో తిప్పే యంత్రం మీద నిమిషానికి దాదాపు 70 చుట్ల వేగంతో వినేవారు. 1925లో విద్యుత్ రికార్డింగ్ వచ్చేదాకా, అంటే మైకు లేకుండా కొమ్ములోకి వాయించిన రోజుల్లో, విక్టర్ పక్కలు (పక్క అంటే ప్లేటుకు ఒక వైపు) చాలావరకు 76 చుట్టుపక్కల తేలతాయి. కొలంబియా వాళ్లు 80 అని లేబుల్ మీదే వేసేవాళ్లు. ఎడిసన్ డైమండ్ డిస్కులు 80 మీద నిలకడగా ఉంటాయి. పాథే తొలి ప్లేట్లు చాలావరకు 90 చుట్టుపక్కలో, అంతకు పైనో ఉంటాయి.

78.26 అనే అంకె మోటారు నుంచి వచ్చింది. 60 హెర్ట్జ్ కరెంటుతో నిమిషానికి 3600 చుట్లు తిరిగే మోటారు వేగాన్ని 46తో భాగిస్తే 78.26. 50 హెర్ట్జ్ దేశాల్లో 3000ను 38.5తో భాగిస్తే 77.92. మీ టర్న్‌టేబుల్ సరిగ్గా తిరుగుతోందా అని చూసే స్ట్రోబ్ కాగితం మీద 60 హెర్ట్జ్‌కు 92 గీతలు, 50 హెర్ట్జ్‌కు 77 గీతలు ఉండేది ఇందుకే. మన దేశంలో వాడాల్సింది 77 గీతలది. అమెరికా నుంచి దింపుకున్న 92 గీతల కాగితాన్ని ఇక్కడి దీపం కింద నిలబెడితే ప్లేటు 65 దగ్గరే తిరుగుతుంటుంది.

ఒక చుట్టు తేడాకు చెవికి ఏం తెలుస్తుంది?

78 దగ్గర ఒక చుట్టు అంటే 1.28 శాతం, శ్రుతిలో 22 సెంట్లు. అరస్వరానికి 100 సెంట్లు కాబట్టి నాలుగున్నర చుట్లు తప్పితే అరస్వరం మారిపోతుంది. 73.6 వేగంతో రికార్డు చేసిన డి (D) స్థాయి, అంటే డి కీ పాటను 78తో తిప్పితే సరిగ్గా ఈ ఫ్లాట్ (E♭, డికి అరస్వరం పైన) అవుతుంది.

నడక కూడా అంతే శాతం మారుతుంది, కానీ అది అంత తేలిగ్గా దొరకదు. నిమిషానికి 120 దెబ్బల రీలు (ఒక రకం నాట్యపు పాట) 118.5కు దిగితే పక్కన మెట్రోనోమ్ లేకుండా ఎవరూ పట్టుకోలేరు. అదే 22 సెంట్ల తేడా పక్కనే మరో వాయిద్యం ఉంటే వెంటనే చెవికి గీసుకుంటుంది. అందుకే శ్రుతిని కొలిచి వేగం తేల్చాలి, నడక దాని వెంట వస్తుంది. నడక చూసి వేగం నిర్ణయించే పద్ధతిలో మనం అలవాటుపడ్డ వేగమే జవాబుగా తిరిగొస్తుంది.

"అంత వేగంగా ఎవరూ వాయించలేరు, కాబట్టి రికార్డు వేగం తప్పు" అనొచ్చా?

అనకూడదు. నాట్యానికి వాయించి వాయించి చెయ్యి తిరిగినవాళ్లు వాళ్లు. పైగా తేడా ఎంతుంటే తప్పు బయటపడుతుందో చూడండి. పూర్తి అరస్వరం తప్పినా 120 నడక 127 అవుతుంది. 127 కూడా వాయించగలిగిన వేగమే. గమకపు ఊపు, అంటే వైబ్రాటో సెకనుకు ఎన్నిసార్లు అని లెక్కపెట్టడమూ బలహీనమైన సాక్ష్యమే. అది మనిషిని బట్టి మారేది. ఆ తరం ఫిడేలు వాళ్లలో చాలామంది అసలు దాన్ని వాడరు కూడా.

శ్రుతి దేనికి సరిచేయాలి? ఎ (A) స్వరం అంటే 440 హెర్ట్జ్ కదా?

440ని అంతర్జాతీయంగా సిఫారసు చేసింది 1939లో లండన్‌లో జరిగిన సమావేశం. అమెరికా సంగీతకారుల సంఘం 1917లోనే దాన్ని ఒప్పుకుంది. అంతకుముందు అక్కడ ఫ్రెంచివాళ్లు 1859లో పెట్టిన 435 బాగా చలామణీలో ఉండేది. బ్రిటన్‌లో పాత హెచ్చు శ్రుతి 452 దగ్గర ఉండేది, బ్యాండు వాయిద్యాల్లో అది చాలాకాలం బతికింది. 440కి, 435కి మధ్య దాదాపు 20 సెంట్లు, అంటే ఒక చుట్టుకు కాస్త తక్కువ. 440కి, 452కి మధ్య 47 సెంట్లు, రెండు చుట్ల పైచిలుకు.

న్యూయార్క్ స్టూడియోలో 1920లలో పియానోతో చేసిన పక్కకు 435 నుంచి 440 వరకు అనుమతించి, వేగాన్ని ఒక చుట్టు వెడల్పున్న పరిధిగా చెప్పడం నిజాయితీ. దశాంశాలతో ఒకే అంకె చెప్పేవాళ్ల దగ్గర పియానో శ్రుతికి కాగితపు సాక్ష్యం ఉందా అని అడగండి.

తోడు లేని ఒంటరి ఫిడేలుకైతే ఏ ప్రమాణమూ కట్టుబాటు కాదు. ఇంట్లో ఒంటరిగా వాయించుకునే మనిషి తీగ ఎంత లాగితే బాగా పలికిందో అక్కడే బిగిస్తాడు. ఈ రంగంలో అసలు చిక్కు ఇదే.

ఫిడేలే హెచ్చు శ్రుతిలో ఉందా, రికార్డు వేగమే తప్పా? ఎలా విడదీయాలి?

ముందు వాయించినవాడి వేళ్లు ఏ స్థాయిలో ఉన్నాయో కనిపెట్టండి. ఫిడేలు తీగలు మామూలుగా జి (196 హెర్ట్జ్), డి (293.7), ఎ (440), ఈ (659.3). ఖాళీ తీగ ధ్వని నొక్కిన తీగలా ఉండదు. గరుగ్గా, తెరుచుకున్నట్టు ఉంటుంది, కమాను ఎత్తాక కూడా క్షణంపాటు మోగుతుంది. ఒక స్వరం కింద మరో స్వరం కదలకుండా మోగుతుంటే అది దాదాపుగా ఖాళీ తీగే. రెండు ఖాళీ తీగలు, వాటి మీద మొదటి స్థానంలో పడే వేళ్లు పట్టుకుంటే స్థాయి తేలిపోతుంది. అట్టడుగున వినిపించే స్వరం ఖాళీ జి అయితే ఇంకా మంచిది, ఎందుకంటే దానికంటే కింద ఫిడేలుకు దారి లేదు.

అమెరికా దక్షిణాది వాళ్ల దగ్గర జాగ్రత్త. వాళ్లు తీగలనే మార్చి కట్టేవారు. కింది రెండు తీగల్ని ఒక్కో స్వరం పెంచి ఎ–ఈ–ఎ–ఈ కట్టుకుని ఎ స్థాయి పాటలు వాయిస్తారు. డి పాటలకు జి ఒక్కదాన్నే పెంచి ఎ–డి–ఎ–ఈ. ఎ–ఈ–ఎ–ఈ అమరికనే ఒక స్వరం దించి జి–డి–జి–డి అని కూడా కట్టేవాళ్లున్నారు. వేళ్ల ఆకారం ఒకటే, శ్రుతి మాత్రం రెండు అరస్వరాలు తేడా. కాబట్టి ఇలాంటి పక్కల్లో వేళ్లు చెప్పే సాక్ష్యం వేగాన్ని ఒంటరిగా తేల్చదు.

ఇక మిగిలేవి స్థిరమైన శ్రుతిగల తోడు వాయిద్యాలు. సాక్ష్యం బలాన్నిబట్టి వరస ఇలా ఉంటుంది: ఒక వరస మీటల మెలోడియన్ (చిన్న అకార్డియన్), పియానో, కాపో (తీగలన్నిటినీ నొక్కి శ్రుతి పెంచే పట్టీ) పెట్టని గిటారు, ఆ తర్వాత బాంజో. పియానో స్థాయి మార్చగలదు గాని మధ్యలో శ్రుతి మార్చలేదు. బాంజోను ఫిడేలుకు తగ్గట్టు క్షణంలో బిగించేస్తారు, అందుకే దాని మాట చివర.

కొలవడం ఎలా? ఏ సాఫ్ట్‌వేరు?

సోనిక్ విజువలైజర్ గానీ ఆడాసిటీ గానీ చాలు. రెండూ ఉచితం. చప్పుడు తొలగించని ఫైలే వాడండి. చప్పుడు తగ్గించే ఫిల్టర్లు పై హార్మోనిక్‌లను (అసలు స్వరంతో పాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల హెర్ట్జ్‌లో మోగేవి) తినేస్తాయి, కొలత ఆధారపడేది వాటి మీదే.

కొమ్ము రికార్డింగులు దాదాపు 200 నుంచి 2500 హెర్ట్జ్ వరకే సరిగ్గా పట్టుకునేవి. ఖాళీ జి అసలు స్వరం 196 కాబట్టి అది నీరసంగా, ఒక్కోసారి లేకుండానే వస్తుంది. దాన్ని నేరుగా కొలవకండి. మూడో, నాలుగో హార్మోనిక్ కొలిచి భాగించండి. ఇందులో ఇంకో లాభం ఉంది. సెకనుకు 44100 నమూనాల ఫైలుకు 16384 కిటికీ (ఒక్కసారి విశ్లేషించే నమూనాల సంఖ్య) పెడితే ఒక్కో గడి వెడల్పు 2.7 హెర్ట్జ్. 293 దగ్గర అది 16 సెంట్లు, నాలుగో హార్మోనిక్ 1175 దగ్గర 4 సెంట్లే.

ఖాళీ తీగ కనీసం అర సెకను నిలిచిన చోట్లు ఐదారు ఎంచుకోండి. పాట మొదట్లో రెండు, మధ్యలో రెండు, చివర రెండు. కమాను గట్టిగా నొక్కిన చోటు వదిలేయండి, తీగ శ్రుతి అక్కడ కాస్త మారుతుంది. వచ్చిన అంకెల సగటు కాదు, మధ్య అంకె తీసుకోండి.

ఒక లెక్క చేసి చూపిస్తారా?

ఊహించిన పక్క ఇది: ఐరిష్ రీలు, ఫిడేలు, పియానో, 78.26తో తిప్పి తీసిన ఫైలు. వేళ్లు డి స్థాయివి, వినిపించేది ఈ ఫ్లాట్‌కు కాస్త కింద. ఖాళీ డి తీగ మూడో హార్మోనిక్ 919 హెర్ట్జ్ చూపించింది. ఎ 440 అయితే అది 881 ఉండాలి. 919 ÷ 881 = 1.043, అంటే 73 సెంట్లు హెచ్చు.

మొదటి ఊహ, ఎ 440: 78.26 ÷ 1.043, వేగం 75.0.
రెండో ఊహ, పియానో 435లో ఉంది: వేగం 74.2.
మూడో ఊహ, ఫిడేలునే అరస్వరం పైకి బిగించాడు, పియానో ఈ ఫ్లాట్‌లో వాయించింది: వేగం 79.5. పియానో 435 అనుకుంటే 78.6.

మూడోది కొట్టిపారేయదగ్గది కాదని గమనించండి. ఐరిష్ ఫిడేలు వాళ్లు మెరుపు కోసం అరస్వరం పైకి బిగించడం ఇప్పటికీ మామూలే. 78.6 చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది కూడా, 78 మీద పడిందిగా! ఆ ముచ్చటే ఇక్కడ గొయ్యి. ఈ ఒక్క పక్కతో ఇది తేలదు.

తేల్చేది పక్కింటి సాక్ష్యం. ప్లేటు మధ్య గాడిలేని చోట చెక్కిన మాట్రిక్స్ నంబరు (ఆ రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన సంఖ్య) చూడండి. అమెరికా చారిత్రక రికార్డింగుల డిస్కోగ్రఫీలో (శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపేది) ఆ నంబరు వెతికితే చాలావాటికి రికార్డు చేసిన తేదీ, ఊరు, అదే రోజున ముందూ వెనకా ఎవరు వాయించారో కనిపిస్తుంది. మన ఊహాపక్క తర్వాతి నంబరు డి స్థాయి ఒకే వరస మెలోడియన్‌ది అనుకుందాం. దాని రీడ్లను (లోపల మోగే లోహపు నాలుకలను) అరస్వరం పైకి బిగించడం కుదరదు. అదీ 71 సెంట్లు హెచ్చు చూపిస్తే, ఆ రోజు ఆ యంత్రం 75 దగ్గర తిరిగిందని తీర్పు. మెలోడియన్ సరిగ్గా డి మీద ఉంటే మాత్రం ఫిడేలు హెచ్చుగా బిగించిందే.

కరెంటు హమ్ము (కరెంటు వల్ల వచ్చే సన్నని మోత) పట్టుకుని వేగం చెప్పొచ్చంటారు. నిజమా?

అరుదుగా. అమెరికా రికార్డులో 60 హెర్ట్జ్ హమ్ము 62.6 దగ్గర కనిపిస్తే వేగం 4 శాతం హెచ్చని సిద్ధాంతం. కానీ వెస్టర్న్ ఎలక్ట్రిక్ పద్ధతిలో (1925లో వచ్చిన విద్యుత్ రికార్డింగ్) రికార్డింగ్ టర్న్‌టేబుల్‌ను బరువు దిగే మర తిప్పేది, ఆంప్లిఫయర్లకు బ్యాటరీలు. అందులో హమ్ము పడటమే తక్కువ. మీరు చూస్తున్నది చాలాసార్లు ఫైలు తీసిన వాళ్ల ఆంప్లిఫయర్‌ది.

పరీక్ష తేలిక. ముల్లు ప్లేటుకు తగలకముందు, లేపిన తర్వాత ఫైలులో ఉన్న ముక్క చూడండి. అక్కడా హమ్ము ఉంటే అది ఇంటిది, రికార్డుది కాదు. అయినా పనికొస్తుంది. ఇంటి హమ్ము సరిగ్గా 50 లేదా 60 మీద లేదంటే ఎవరో ఫైలు వేగాన్ని ఆ తర్వాత కంప్యూటర్లో మార్చారన్నమాట. ఇంకో తిరకాసు: దక్షిణ కాలిఫోర్నియాలో చాలాచోట్ల 1948 దాకా 50 హెర్ట్జ్ కరెంటే.

పాట మొదట్లో ఒక శ్రుతి, చివర్లో ఒక శ్రుతి వస్తోంది. ఎందుకు?

మైనం చెక్కే ముల్లు బయటి అంచున ఉన్నప్పుడు టర్న్‌టేబుల్‌కు భారం ఎక్కువ, లోపలికి వచ్చేకొద్దీ తక్కువ. మర బలహీనంగా ఉంటే రికార్డు చేసేటప్పుడు వేగం మెల్లగా పెరుగుతుంది. దాన్ని మనం నిలకడ వేగంతో తిప్పితే తలకిందులై శ్రుతి మెల్లగా జారుతుంది. మూడు నిమిషాల్లో 15, 20 సెంట్లు జారడం అసాధారణం కాదు. ఒకే తీగ దిగిందా, మొత్తం దిగిందా చూడండి. పియానో కూడా జారితే మర తప్పు, ఫిడేలు ఒక్కటే జారితే పేగు తీగ తప్పు. మొదటిదాన్ని వాలు గీతతో సరిచేయొచ్చు, రెండోదాన్ని ముట్టుకోకూడదు. అది ఆ రోజు జరిగిన సంగతి.

చుట్టుకొకసారి ఊగుతుంటే, అంటే సెకనుకు 1.3 సార్లు, ప్లేటు బెజ్జం మధ్యలో లేదు. ఒక మిల్లీమీటరు పక్కకుంటే 10 సెంటీమీటర్ల వ్యాసార్థం దగ్గర అటూ ఇటూ 17 సెంట్లు, లోపల 5 సెంటీమీటర్ల దగ్గర 34. బెజ్జాన్ని కాస్త పెద్దది చేసి గాడులు ఊగకుండా చేత్తో నడుమకు జరపడమే మందు. సాఫ్ట్‌వేరు తర్వాత మాట.

మైనపు సిలిండర్ల సంగతి?

దుకాణాల్లో అమ్మినవి 1902 ప్రాంతం నుంచి 160 చుట్ల మీద స్థిరపడ్డాయి. అంతకుముందువి 120 నుంచి 144 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పల్లెలకు తిరిగి సేకరించినవాళ్ల సిలిండర్లు మరీ కష్టం. వేగం మరను వాళ్లే తిప్పేవారు, ఎక్కువసేపు పట్టించాలని తగ్గించేవారు. అదృష్టం ఉంటే మొదట్లో శ్రుతి పీక ఊదిన శబ్దం ఉంటుంది. 1900లో మొదలైన బెర్లిన్ ఫోనోగ్రామ్ ఆర్కైవ్ వాళ్లు దాన్ని పద్ధతిగా పెట్టుకున్నారు, వాళ్ల పీక 435. అది వినిపించిందా, మిగతా వాదనలన్నీ పక్కన పెట్టేయండి. దాన్ని పనికిరాని చప్పుడనుకుని కత్తిరించిన ఫైళ్లూ తిరుగుతున్నాయి, కాబట్టి కత్తిరించనిది అడగండి.

నా టర్న్‌టేబుల్‌కు 78 లేదు. 45 మీద తీసి పెంచొచ్చా?

పెంచొచ్చు. 45 నుంచి 78.26కు 1.739 రెట్లు, 33⅓ నుంచి 2.348 రెట్లు. ముల్లు మాత్రం 78కి తగినదే ఉండాలి, ఎల్పీ ముల్లు సన్నం, గాడి అడుగున దొర్లుతుంది. ఆడాసిటీలో శ్రుతి, నడక రెండూ కలిపి మార్చే "చేంజ్ స్పీడ్ అండ్ పిచ్" (పాత వెర్షన్లలో "చేంజ్ స్పీడ్") వాడాలి. "చేంజ్ పిచ్", "చేంజ్ టెంపో" వాడితే ఒకటి మారి ఇంకోటి ఆగిపోతుంది. అప్పుడు మీరు వినేది ఏ రోజూ ఎవరూ వాయించనిది.

సీడీల్లో, ఆన్‌లైన్‌లో వచ్చినవి సరిచేసే ఉంటాయిగా?

నమ్మకండి. కొన్ని 78.26 దగ్గర కళ్లు మూసుకుని తిప్పినవి. కొన్ని ఇప్పటి వాళ్లు పక్కన పెట్టుకుని నేర్చుకోవడానికి వీలుగా 440 డి మీదకి లాగినవి. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు పోయి వచ్చినవి ఇంకొన్ని. అదే పక్కకు మూడు చోట్ల మూడు శ్రుతులు దొరికితే ఆశ్చర్యపోనక్కర్లేదు. వేగం ఏమని ఎంచుకున్నారో రాసిపెట్టిన ఫైలుకే విలువ.

వేగం తేలాక నడకను ఎలా లెక్కించాలి?

మొదటి చరణం వదిలేయండి, కుదురుకోడానికి టైం పడుతుంది. రీలు ఒక పూర్తి ఆవృత్తంలో 32 బార్లుంటే, బారుకు రెండేసి చొప్పున 64 దెబ్బలు. అది 32 సెకన్లు పట్టిందంటే 64 × 60 ÷ 32, నిమిషానికి 120. పై ఉదాహరణలోలా 75.0 తేలితే 120 × 75.0 ÷ 78.26, అంటే 115. ప్రతి ఆవృత్తాన్నీ విడిగా కొలవండి. మూడు నిమిషాల ప్లేటు అయిపోతోందని చివర్లో తోసుకుపోయే వాళ్లుంటారు. మొత్తం సగటు తీస్తే ఆ సంగతి మాయమైపోతుంది.

స్ట్రో ఫిడేలైతే తేడా ఉందా?

కొలతకు లేదు. 1899లో లండన్‌లో పేటెంటు పొందిన ఈ వాయిద్యానికి చెక్క పెట్టె బదులు పల్చటి పొర, లోహపు కొమ్ము ఉంటాయి. కొందరు ఫిడేలు పెట్టె సొంత మోత (270, 280 హెర్ట్జ్ దగ్గర) ఎంత జరిగిందో చూసి వేగం చెబుతారు. స్ట్రోకు ఆ పద్ధతి అసలే కుదరదు. మామూలు ఫిడేలుకైనా రికార్డింగ్ కొమ్ము సొంత మోత అడ్డొస్తుంది కాబట్టి దాన్ని చివరి సాక్షిగానే పిలవండి.

ద్వారం వారి ప్లేట్లకు ఇదంతా పనికొస్తుందా?

సగం. తెలుగులో వయొలిన్‌ను ఫిడేలనే అంటాం గాని, కర్ణాటక పద్ధతిలో తీగలు స–ప–స–ప కడతారు, ఆ స ఎక్కడన్నది కళాకారుడి ఇష్టం. ఖాళీ తీగ దొరికినా అది స అనో ప అనో చెబుతుంది తప్ప ఇన్ని హెర్ట్జ్‌లుండాలని చెప్పదు. ఒకటిన్నర శ్రుతికి, రెండు శ్రుతికి మధ్య అరస్వరమే. నాలుగున్నర చుట్ల తప్పు ఒకదాన్ని ఇంకోటిగా చూపించేస్తుంది. మృదంగం శ్రుతి ఫిడేలు వెంట పోతుంది కాబట్టి దాన్ని సాక్షిగా పెట్టలేం. మిగిలే దారులు: హార్మోనియం మోగే పక్క అదే సెషన్లో ఉందేమో చూడటం, అదే కళాకారుడి పక్కలన్నీ కొలిచి స ఒకే చోట గుమిగూడుతోందేమో చూడటం. ఆ గుంపుకు దూరంగా పడ్డ పక్క మీదే ముందు అనుమానపడాలి.

ఫైలుతో పాటు ఏమేం రాసిపెట్టాలి?

తిప్పిన వేగం, ముల్లు సైజు, కొలిచిన తీగ, ఎన్నో హార్మోనిక్, పాటలో ఏ నిమిషం దగ్గర, అనుకున్న ఎ శ్రుతి, దాన్నిబట్టి వచ్చిన వేగం, మిగిలిన ఊహలకు వచ్చే వేగాలు. పై ఉదాహరణకైతే: "78.26తో తీశాం. డి తీగ, 3వ హార్మోనిక్, 0:48 దగ్గర 919. ఎ 435–440 అనుకుంటే 74.2–75.0. అరస్వరం పైకి బిగించి ఉంటే 78.6–79.5. మెలోడియన్ పక్కతో పోల్చి మొదటిదే తీసుకున్నాం." సరిచేయని ఫైలు విడిగా దాచండి, సరిచేసింది దాని నకలు మాత్రమే.